నాన్న జబ్బు పసిబిడ్డకు తగులుతుందా?

కడుపుతో వున్న ఆడమనిషిని లోకం ఎన్ని ప్రశ్నలు అడుగుతుందో ముప్ఫయ్యొక్క సంవత్సరాలు ప్రసూతి వార్డులో నర్సుగా పనిచేసిన నాకు బాగా తెలుసు. ఏం తిన్నావు? గ్రహణం నాడు బయటికి వచ్చావా? బొప్పాయిపండు ముట్టావా? బరువులెత్తావా? మీ పుట్టింటివైపు ఎవరికైనా ఏమైనా వుందా? బిడ్డ నిండు ఆరోగ్యంతో పుడితే ఈ ప్రశ్నలన్నీ మరుగున పడిపోతాయి. కాస్త నలతగా పుట్టిందా, అవే ప్రశ్నలు నేరారోపణలై బాలింత మంచం చుట్టూ నిలబడతాయి. బిడ్డ తండ్రి మాత్రం వరండాలో బల్లమీద కూర్చుని వుంటాడు. ఆయన్ని అడిగే నాథుడు లేడు. మా కేసు కాగితంలో ఆయన కోసం రెండే రెండు గళ్ళు వుండేవి: పేరు, వృత్తి.

ఉద్యోగం విరమించిన తర్వాత మాదన్నపేటలో మా తమ్ముడి ఇంట్లోనే ఒక చిన్న వాటాలో వుంటున్నాను. తానీషాగారి మంత్రి మాదన్న పేరు మోస్తున్న పేట ఇది. ఒక పక్క పాత ఈద్గా, మరో పక్క తెల్లవారకముందే కేకలతో నిద్రలేపే కూరగాయల మండీ, మధ్య ఇరుకు సందులు, గోడకు గోడ ఆనుకున్న ఇళ్ళు. ఒక ఇంట్లో దగ్గితే మూడో ఇంట్లో వినపడుతుంది. అటువంటి చోట నర్సుగా చేసిన మనిషి వుందంటే ఇక చెప్పాలా? ఆడవాళ్ళు మధ్యాహ్నం పూట వస్తారు. మగవాళ్ళు చీకటి పడ్డాక వస్తారు. గేటు దగ్గర నిలబడి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అడుగుతారు.

"సిస్టరమ్మా, నాకు షుగరున్నది. పుట్టెటోనికి గూడ వస్తదా?"

"నాకు చిన్నప్పటిసంది ఫిట్సు. మందు బందు చెయ్యాల్నా?"

"మా బాపుకు టీబీ వుండె. ఇప్పుడు నాకొచ్చింది. మా ఇంటామె నెల తప్పింది. ఎట్ల?"

ఈ ప్రశ్నలు ఒక్క మా పేటవే అనుకోను. ఈ పత్రిక చదివే ఇళ్ళల్లో కూడా ఇవే ప్రశ్నలు తలుపు చాటున నిలబడి వుంటాయి. నేను డాక్టర్ని కాను. మందు ఫలానాది వేసుకోమని చెప్పను, చెప్పగూడదు. ఏ జబ్బు ఏ దారిన బిడ్డను చేరుతుంది, ఏది అసలు చేరనే చేరదు అన్నంత వరకు చెప్పగలను. దారి తెలిస్తే తలుపు ఎక్కడ వెయ్యాలో తెలుస్తుంది.

మొదట క్షయ సంగతి చెప్పాలి. ఎందుకంటే మా వీధిలో ఒక కుటుంబం దానివల్ల దాదాపు విడిపోయింది.

ఆ అబ్బాయికి మండీలో ఉల్లిగడ్డల వ్యాపారం. పాతికేళ్ళు దాటి రెండు మూడేళ్ళు వుంటాయి. భార్యకు తొలి కాన్పు. ఏడో నెలలో ఆనవాయితీ ప్రకారం పుట్టింటికి, సూర్యాపేట వైపు పల్లెకు పంపారు. ఆమె వెళ్ళకముందు నుంచే అతనికి దగ్గు. మందుల షాపులో సీసా అడిగి తాగేవాడు. తగ్గినట్టు వుండేది, మళ్ళీ వచ్చేది. దుమ్ములో పని గదా అనుకున్నారు. బిడ్డ పుట్టిన పన్నెండో రోజున దగ్గులో నెత్తురు జీర కనపడింది. తెమడ పరీక్ష చేస్తే క్షయ అని తేలింది.

ఇక చూడండి, ఇంట్లో జరిగిన హడావుడి! ఇరవయ్యొకటో రోజు పండుగకు తండ్రి రాగూడదని వియ్యపురాలు కబురు చేసింది. కోడలూ మనుమడూ ఏడాది దాకా ఈ గడప తొక్కగూడదని ఇక్కడి తల్లి తీర్మానించింది. అతను ఎవరితోనూ ఏమీ అనకుండా తన చాప, దుప్పటి తీసుకుని మండీలో గోతాల మధ్య పడుకోవడం మొదలుపెట్టాడు. ఆ ముసలమ్మ నా దగ్గరికొచ్చి, "మా చిన్నప్పుడు టీబీ వచ్చినోళ్ళను మదనపల్లెకు తోలేటోళ్ళు. వీణ్ణి గూడ అట్లనే తోలుదమా బిడ్డా?" అని అడిగింది.

ఆమె చెప్పిన మాటలో పొరపాటేమీ లేదు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియం 1915 నుంచి దక్షిణ దేశంలోని క్షయరోగులందరికీ పుణ్యక్షేత్రం వంటిది. డెన్మార్కు దేశస్థుడైన డాక్టర్ ఫ్రిమోట్ మోలర్ దాన్ని నిలబెట్టారు. మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి, ఇంటికి దూరం: అప్పటికి వున్న వైద్యమల్లా అదే. మన హైదరాబాదు వాళ్ళకు వికారాబాదు పక్కన అనంతగిరి కొండమీద అటువంటిదే వుండేది. స్తోమత వున్నవాళ్ళు వెళ్ళేవారు. లేనివాళ్ళు ఇంట్లోనే పోయేవారు.

ఆ పద్ధతిని మార్చినది మద్రాసులో జరిగిన ఒక పరీక్ష. ఆ ముసలమ్మకు చెప్పినంత వివరంగానూ ఇక్కడా చెబుతాను, ఎందుకంటే మన దేశంలో జరిగి ప్రపంచమంతా పాటించిన పని ఇది. 1956లో మద్రాసు చేట్‌పట్‌లో క్షయ చికిత్సా కేంద్రం ఒకటి పెట్టారు. డాక్టర్ వాలస్ ఫాక్స్ అనే ఆంగ్లేయుడు దాన్ని నడిపించారు. నగరంలోని బీద కుటుంబాల రోగులను దాదాపు రెండు వందల మందిని తీసుకుని సగం మందిని శానిటోరియంలో చేర్చారు, సగం మందికి ఇంటి దగ్గరే మాత్రలిచ్చారు. ఇంటి దగ్గరున్నవారి తిండి శానిటోరియం తిండికి సాటిరాదు. వాళ్ళవి ఇరుకు గదులు. పనికి కూడా పోయేవారు. అయినా ఏడాది తర్వాత చూస్తే ఇరువర్గాలకూ నయం కావడంలో పెద్ద తేడా లేదు. 1959లో ఆ ఫలితం ప్రకటించారు.

మనకు కావలసిన సంగతి దాని తరువాతది. ఆ రోగుల భార్యాబిడ్డలను, తల్లిదండ్రులను ఏళ్ళ తరబడి కనిపెట్టి చూశారు. రోగి ఇంట్లో వుండి మందు తిన్న కుటుంబాల్లో, రోగిని శానిటోరియానికి పంపిన కుటుంబాల్లో కన్నా ఎక్కువ మందికి జబ్బు రాలేదు! అంటుకోవలసింది చాలావరకు మందు మొదలుపెట్టక ముందే, జబ్బు పేరు తెలియని ఆ దగ్గు రోజుల్లోనే అంటుకుపోయింది. సరైన మందు పడిన రెండు మూడు వారాల్లో మామూలు క్షయరోగి దగ్గులో ఇతరులకు అంటించే శక్తి బాగా తగ్గిపోతుంది. మందులకు లొంగని మొండి రకమైతే లెక్క వేరు, అది డాక్టర్లు తేల్చాలి.

ఇదంతా విని ముసలమ్మ, "అట్లయితే ఆ దగ్గు దినాల్ల వీనితోని వున్నదెవరు?" అన్నది. నా ముప్ఫయ్యొక్క ఏళ్ళ సర్వీసులో ఇంత మంచి ప్రశ్న వేసిన ట్రైనీ నర్సులు కొద్దిమంది. ఆ రోజుల్లో అతనితో ఒకే గదిలో వున్నది కోడలు, ఏడో నెల దాకా. బిడ్డను తండ్రికి దూరంగా దాచారు గాని, బిడ్డ రాత్రింబవళ్ళు అంటిపెట్టుకుని వున్న తల్లిని పరీక్ష చేయించాలని ఎవరికీ తోచలేదు. తండ్రి క్షయ గర్భంలోని శిశువును నేరుగా తాకలేదు. తల్లికి సోకితేనే ఆమె నెత్తురు ద్వారానో, పుట్టిన తర్వాత ఆమె ఊపిరి ద్వారానో బిడ్డను చేరుతుంది. అదే ఇంట్లో మరొకరిని కూడా మరిచారు: అతని అన్నగారి మూడేళ్ళ కూతురు. చిన్నాన్న భుజం దిగేది కాదు ఆ పిల్ల.

కోడలికి పరీక్షలు చేయించారు. ఏమీ లేదని తేలింది. తండ్రి దగ్గర ఒక్కరోజు కూడా లేడు గనక పసివాడికి మందు అక్కరలేదన్నారు డాక్టరుగారు. ఆ మూడేళ్ళ పిల్లను మాత్రం పరీక్షించి, జబ్బు లేదని నిర్ధారణ చేసుకుని, రాకుండా వుండేందుకు మందు ఇచ్చారు. ఇంట్లో క్షయ బయటపడితే అయిదేళ్ళలోపు పిల్లలకు ఇలా నివారణ మందు ఇవ్వడం ఇవాళ ప్రభుత్వ పద్ధతి. మందులు ఉచితం. రోగి తిండి ఖర్చుకని నెలకు 500 రూపాయలు 2018లో మొదలుపెట్టారు, 2024 నవంబరు నుంచి దాన్ని వెయ్యి చేశారు. అబ్బాయి ఆరు నెలలు మందు తిన్నాడు. రెండో నెలాఖరున తెమడలో పురుగు లేదని కాగితం వచ్చిన మర్నాడు బండి మాట్లాడుకుని సూర్యాపేట వెళ్ళి కొడుకును చూసుకున్నాడు.

పుట్టగానే వేసే బి.సి.జి. టీకా వుంది గదా, ఇంత భయమెందుకని కొందరు చదువుకున్నవాళ్ళే అడుగుతారు. ఆ టీకా పసిపిల్లల్లో మెదడు పొరలకు పాకే క్షయనూ, ఒళ్ళంతా వ్యాపించే క్షయనూ బాగా అడ్డుకుంటుంది. అందుకే తప్పక వేయించాలి. అయితే 1968లో చెంగల్పట్టు జిల్లాలో మొదలైన పెద్ద పరీక్షలో, పెద్దవాళ్ళకు వచ్చే ఊపిరితిత్తుల క్షయను అది ఆపలేదని తేలింది. కాబట్టి టీకా వేశాం గదా అని దగ్గే మనిషిని ఉయ్యాల పక్కన కూర్చోబెట్టవద్దు. రెండు వారాలు దాటిన దగ్గుకు సీసా మందు కాదు, తెమడ పరీక్ష కావాలి.

ఇంకొక సంగతి. షుగరు వున్నవారికి క్షయ వచ్చే అవకాశం లేనివారికన్నా రెండు మూడు రెట్లు ఎక్కువ. ఆ రెండు జబ్బులూ ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని తిరుగుతాయి. ఇక షుగరు దగ్గరికి వద్దాం. నా గేటు దగ్గర వినిపించే ప్రశ్నల్లో పదింట ఆరు దీని గురించే.

మాకు రెండిళ్ళ అవతల ఒక ఆటో నడిపే అబ్బాయి వున్నాడు. ముప్ఫయి నాలుగేళ్ళు. నాలుగేళ్ళుగా షుగరు. మందు ఒకరోజు వేసుకుంటే రెండు రోజులు మరిచిపోతాడు. మిర్చిబజ్జీలు మాత్రం మరిచిపోడు. భార్యకు తొమ్మిదో నెల నిండకుండానే ఆడపిల్ల పుట్టింది. తూకం 2 కిలోల 100 గ్రాములు. రెండున్నర కిలోలకు తక్కువైతే తక్కువ బరువు బిడ్డ కింద లెక్క. అత్తగారు కోడలి నడకను, మాటను, పడకను తప్పుపట్టింది. ఆ అబ్బాయి మాత్రం రాత్రి పదింటికి వచ్చి, "నా షుగరేనా సిస్టరమ్మా?" అని అడిగాడు. తప్పు తనదేమోనని అడిగిన మగవాడు అరుదు గనక, ఉన్న సంగతి ఉన్నట్టు చెప్పాను.

మొదటిది, తండ్రికి షుగరు వుంటే బిడ్డ షుగరుతో పుట్టదు. పుట్టగానే ఒంట్లో చక్కెర పడిపోవడం, మరీ బొద్దుగా నాలుగు కిలోలు పుట్టడం వంటి చిక్కులు తల్లికి షుగరు వున్నప్పుడు వస్తాయి, తండ్రికి వున్నప్పుడు రావు. తల్లి నెత్తురులోని చక్కెర మావి గుండా బిడ్డకు పోతుంది. తండ్రి నెత్తురు బిడ్డకు పోయే మార్గమే లేదు గదా.

రెండవది కాస్త విచిత్రంగా వుంటుంది. తల్లికి షుగరు వుంటే బిడ్డ బరువెక్కుతుంది. తండ్రికి వుంటే కొంచెం బరువు తగ్గుతుంది! ఇంగ్లండులో యు.కె. బయోబ్యాంకు అనే పెద్ద పరిశోధనా భాండాగారం వుంది. అందులో రెండు లక్షల పైచిలుకు మంది వివరాలు తీసి 2013లో లెక్కగట్టారు. తండ్రికి షుగరు వున్నవారు సగటున సుమారు 45 గ్రాములు తక్కువ బరువుతో పుట్టారు. దీనికొక వివరణ వుంది. కడుపులోని బిడ్డ ఎదగడానికి ఇన్సులిన్ ఎరువు వంటిది, ఆ ఇన్సులిన్‌ను బిడ్డే తన ఒంట్లో తయారుచేసుకుంటుంది. ఇన్సులిన్ సరిగా తయారుకాని లక్షణమో, తయారైనా సరిగా పనిచెయ్యని లక్షణమో తండ్రి నుంచి వస్తే, బిడ్డ ఎదుగుదల ఆ మేరకు మందగిస్తుంది. ఎక్సెటర్‌లోని హాటర్స్‌లీ అనే వైద్యుడు 1990ల చివర ఈ మాట చెప్పారు.

45 గ్రాములంటే ఎంత? ఒక కోడిగుడ్డు. ఆ పాప బరువులో తగ్గినది నాలుగు వందల గ్రాములు. సగటు లెక్క ఒక్కొక్క బిడ్డకు అచ్చంగా వర్తించదు, నిజమే. అయినా దాదాపు తొమ్మిది కోడిగుడ్ల లోటును ఒక కోడిగుడ్డు ఖాతాలో రాయలేం. కార్డు తెచ్చి చూపించమన్నాను. ఏడో నెలలో తల్లి నెత్తురు ఎనిమిది గ్రాములు. పదకొండు వుండాలి. ఐరన్ మాత్రలు వేసుకుంటే కడుపులో తిప్పుతోందని పక్కన పెట్టింది. అది ఎవరూ చూడలేదు. ఆయన షుగరు చుట్టూ, ఆమె నడక చుట్టూ తిరిగారు గాని, ఆమె కంటి కింద పాలిపోయిన చర్మాన్ని చూడలేదు.

అలాగని తండ్రి ఒళ్ళు ఎలా వున్నా ఫరవాలేదని కాదు. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వారు 2009 మొదలు 2016 వరకు జరిగిన 7 లక్షల 85 వేలకు పైగా కాన్పుల బీమా కాగితాలు తిరగేసి 2020లో ఒక ఫలితం ప్రకటించారు. తండ్రికి షుగరు, రక్తపోటు, కొలెస్టరాలు, స్థూలకాయం వంటివి రెండూ మూడూ కలిసి వుంటే, నెలలు నిండకుండా పుట్టడం, తక్కువ బరువు, పసిపిల్లల ప్రత్యేక వార్డులో చేర్చవలసి రావడం కొంత ఎక్కువ. ఎంత అంటే, మామూలుగా నూటికి పది మంది అనుకుంటే పన్నెండు మంది అన్నమాట. తల్లి ఆరోగ్యాన్ని లెక్కలో సర్దుబాటు చేసినా ఆ తేడా నిలిచింది. నా మటుకు నాకు ఇందులో ఒక సందేహం వుంది. ఆలుమగలు ఒకే వంటింటి తిండి తింటారు, ఒకే ఇంట్లో నిద్ర చెడగొట్టుకుంటారు. తండ్రి జబ్బు ఎంత, ఆ ఇంటి పొయ్యి ఎంత అన్నది బీమా కాగితం చెప్పగలదా?

మరి పెద్దయ్యాక బిడ్డకు వస్తుందా అంటే, వచ్చే అవకాశం ఎక్కువే. మన దేశంలో సామాన్యంగా కనిపించే షుగరు వంశంలో నడుస్తుంది. తిండి, ఒళ్ళు దానికి తోడవుతాయి. చిన్నతనంలోనే వచ్చి ఇన్సులిన్ మీదే బతకవలసిన రకం వేరు. అది తండ్రికి వుంటే పదిహేడు మంది పిల్లల్లో ఒకరికి వస్తుందనీ, తల్లికి వుంటే ఇరవయ్యయిదు మందిలో ఒకరికనీ, ఆమె పాతికేళ్ళు దాటి కంటే వందలో ఒకరికేననీ అమెరికా డయాబెటీస్ సంఘం వారి లెక్క. అంటే పదిహేడు మందిలో పదహారు మందికి రాదు. పెళ్ళిచూపుల్లో ఈ పదహారు మందిని ఎవరూ తలచుకోరు.

మగవాళ్ళు గుర్తుంచుకోవలసిన సంఖ్య ఒకటి వుంది. వీర్యకణం తయారుకావడానికి సుమారు 74 రోజులు పడుతుంది. బయటికి రావడానికి మరి కొద్ది రోజులు. అంటే గర్భం నిలిచిన నాటికి వెనక్కు మూడు నెలల్లో తండ్రి ఒంట్లో ఏం జరిగిందో ఆ కణానికి తెలుసు. జ్వరం, షుగరు, సిగరెట్టు, సారా, మందులు, అన్నీ ఆ మూడు నెలల కాలంలోనివే లెక్కకు వస్తాయి. బిడ్డను కనాలనుకున్న ఆలుమగలు డాక్టరు దగ్గరికి వెళ్ళవలసింది నెల తప్పాక కాదు, అంతకు మూడు నాలుగు నెలల ముందు, ఇద్దరూ కలిసి.

మందుల మాట వచ్చింది గనక చెబుతాను. ఇది చాలా జాగ్రత్తగా చదవాలని మనవి. ఫిట్సుకు వాడే వాల్‌ప్రోయేట్ అనే మందు తల్లి వాడితే బిడ్డకు ముప్పు అని ఎప్పటి నుంచో తెలుసు. తండ్రి వాడితే? 2024 జనవరిలో ఐరోపా మందుల సంస్థ మగవాళ్ళకు కూడా ఒక హెచ్చరిక చేసింది. గర్భానికి ముందు మూడు నెలల్లో తండ్రి ఈ మందు వాడిన పిల్లల్లో నూటికి సుమారు అయిదుగురికి మాట, నడక, బుద్ధి వికాసానికి సంబంధించిన ఇబ్బందులు కనిపించాయనీ, వేరే ఫిట్సు మందులు వాడిన తండ్రుల పిల్లల్లో నూటికి ముగ్గురికనీ ఆ లెక్క. డెన్మార్కులో చేసిన మరొక లెక్కలో అటువంటి తేడా కనపడలేదు. షుగరు మాత్ర మెట్‌ఫార్మిన్ మీద 2022లో డెన్మార్కు నుంచే ఒక అనుమానం వచ్చింది. 2024లో నార్వే, తైవాన్ దేశాల పెద్ద లెక్కలు ఆ అనుమానాన్ని బలపరచలేదు.

ఇలాంటి వార్త ఒకటి ఫోనులో చూసి మా పేటలోనే ఒకతను ఫిట్సు మందు తనంతట తాను మానేశాడు. అయిదో రోజున మండీ మెట్లమీద పడిపోయి తల పగలగొట్టుకున్నాడు. బతికాడు గనక సరిపోయింది. మందు మార్చాలా వద్దా అన్నది ఆ మందు రాసిన డాక్టరుతో, పిల్లలు కావాలనుకుంటున్నామని ముందుగా చెప్పి తేల్చుకోవలసిన విషయం. హఠాత్తుగా ఆపడం ఏ లెక్కలోనూ మంచిది కాదు. కీళ్ళవాతానికి, మూత్రపిండాల మార్పిడికి వాడే కొన్ని మందులకూ ఇదే మాట.

నెత్తురు ద్వారా, సంసారం ద్వారా పాకే జబ్బులున్నాయి: కాలేయపు కామెర్లలో బి రకం, సుఖవ్యాధులు, ఎయిడ్సు. ఇవన్నీ తల్లి గుండానే బిడ్డను చేరతాయి. తండ్రికి వున్నట్టు తెలిస్తే భార్యకు పరీక్ష చేయించడం మొదటి పని. బి రకం కామెర్లకు టీకా వుంది. బిడ్డకు పుట్టిన ఇరవైనాలుగు గంటల్లో వెయ్యాలి. ఎయిడ్సు మందులు క్రమంగా వాడి నెత్తురులో క్రిమి కనపడని స్థితికి వచ్చిన మగవాడి నుంచి భార్యకు సోకదని ఇవాళ రూఢి అయింది. సిగ్గుపడి దాచడం వల్ల బిడ్డకు వచ్చేంత నష్టం ఆ క్రిమి వల్ల కూడా రాదని నా అభిప్రాయం.

తలసేమియా సంగతి వేరు. ఇందులో తండ్రి రోగి కానక్కరలేదు. చూడటానికి రాయిలాగా వుంటాడు, కాస్త నెత్తురు తక్కువంతే. ఆ లక్షణం ఒక్క తండ్రికే వుంటే బిడ్డకు ప్రమాదం లేదు, సగం మంది పిల్లలకు అదే నిశ్శబ్ద లక్షణం రావచ్చు. తల్లికి కూడా వుంటేనే చిక్కు. ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం, బిడ్డ జీవితాంతం నెత్తురు ఎక్కించుకుంటూ బతకవలసి రావడానికి. పుట్టినప్పుడు బొద్దుగా, ఆరోగ్యంగానే వుంటుంది. ఆరు నెలలు దాటాక పాలిపోవడం మొదలవుతుంది. అక్కకూతురినీ, మేనమామనూ ముడిపెట్టే మన ఇళ్ళలో ఒకే లక్షణం ఇద్దరికీ వుండే అవకాశం ఎక్కువ. మేనరికం మంచిదా చెడ్డదా అని వాదన పెట్టుకోను, మా అమ్మానాన్నలదీ మేనరికమే. హెచ్.బి.ఎ-2 అనే నెత్తురు పరీక్ష ఒకటి వుంది, అది చేయించుకుంటే సరిపోయే చోట వాదనెందుకు? పిల్లల తల్లిదండ్రులు, డాక్టర్లు కలిసి 1998లో హైదరాబాదులో తలసేమియా, సికిల్ సెల్ సొసైటీ స్థాపించారు. శివరాంపల్లిలోని వారి కేంద్రంలో ఈ పిల్లలకు నెత్తురు ఎక్కిస్తారు. మాదన్నపేట నుంచి ఆటోలో పోయేంత దూరం. సందేహమున్నవాళ్ళు ఒక పూట అక్కడ కూర్చుని ఆ పిల్లల తల్లులతో మాట్లాడితే, జాతకాలతో పాటు ఈ పరీక్ష కాగితం కూడా ఎందుకు చూసుకోవాలో ఎవరూ చెప్పనక్కరలేదు.

బీడీ, సిగరెట్టు జబ్బు కాదంటారు కొందరు. తండ్రి వదిలిన పొగ పీల్చిన గర్భిణికి బిడ్డ బరువు తగ్గుతుంది. పసిబిడ్డ వున్న గదిలో పొగ తాగితే ఊపిరితిత్తుల జబ్బులు, ఉన్నట్టుండి నిద్రలోనే పోయే ప్రమాదం కూడా పెరుగుతాయి. బయట తాగి వస్తున్నాను గదా అంటారు. చొక్కాకు వాసన వుంటే పొగ అవశేషాలు కూడా వున్నట్టే. ఇక దీర్ఘరోగం వల్ల వచ్చే పేదరికం సంగతి ఏ పరిశోధన చెప్పాలి? తండ్రి మందులకు పోగా మిగిలిన డబ్బులో ముందు కోత పడేది గర్భిణి తాగే పాలకు. నేను చూసిన తక్కువ బరువు బిడ్డల్లో ఎందరో ఈ దారిన వచ్చినవాళ్ళు.

ఆటో అబ్బాయి పాప సంగతి మధ్యలో వదిలేశాను. నెలలు నిండని, బరువు తక్కువైన బిడ్డకు వెచ్చదనం ముఖ్యం. 1978లో కొలంబియా దేశంలో బొగోటా నగరపు ఆసుపత్రిలో వెచ్చబెట్టే పెట్టెలు చాలక, బిడ్డను తల్లి రొమ్ముల మధ్య చర్మానికి చర్మం ఆనేటట్టు కట్టి వుంచే పద్ధతి మొదలుపెట్టారు. కంగారూ పద్ధతి అంటారు. ఇప్పుడు లోకమంతా పాటిస్తున్నారు, మన ఆసుపత్రుల్లోనూ నేర్పుతారు. తల్లి అలసిపోయినప్పుడు తండ్రి చెయ్యవచ్చు. ఆయన షుగరు దానికి అడ్డు కాదు. దగ్గు, జ్వరం, చర్మవ్యాధి లేకుండా, స్నానం చేసి, పొగ తాగకుండా వుంటే చాలు.

ఆ తల్లికి నెత్తురు తక్కువ, లేచి కూర్చుంటే కళ్ళు తిరుగుతున్నాయి. అతనికి చెప్పాను. మొదటిరోజు చొక్కా విప్పి మంచమ్మీద వెనక్కు వాలి, పాపను గుండెకు కట్టుకుని, గాజుగ్లాసు పట్టుకున్నట్టు ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. అత్తగారు గుమ్మంలో నిలబడి, "మొగోడు పిల్లను కట్టుకొని కూసునుడేంది, నలుగురు జూస్తే నవ్వరా?" అన్నది. అతను కదిలితే పాప లేస్తుందని జవాబు కూడా చెప్పలేదు. పగలు ఆటో, రాత్రి రెండు మూడు గంటలు ఇదీ. తల్లికి ఐరన్ మాత్ర మార్చి ఇచ్చారు, అన్నం తిన్నాక వేసుకుంటే తిప్పడం తగ్గింది. ఎవరూ చెప్పకుండానే అతను తన మాత్రలు కూడా రోజూ వేసుకోవడం మొదలుపెట్టాడని భార్య చెప్పింది.

నలభై రోజులనాడు తూకం వేయించారు. రెండు కిలోల తొమ్మిది వందల యాభై గ్రాములు. ఆ చీటీని ఆటోలో మీటరు పక్కన అంటించుకుని తిరిగాడు, వానకు తడిసి అక్షరాలు చెరిగిపోయేదాకా.